జానెడు నీళ్ళు

అరవై ఒకటో అంతస్తు నుంచి ఫోను.
"నా చారుగిన్నె దానంతటది నడుస్తోందమ్మాయీ,"
అంటోంది స్టావ్రూలా గారు.
నిమ్మకాయ పిండిన గ్రీకు చారు
అంచుదాకా వచ్చి వెనక్కి పోతోందట.
"ఏభై ఎనిమిదిలో ఓడెక్కి వచ్చాను ఈ మెల్‌బోర్న్‌కి.
నెల్లాళ్ళు వాంతులు.
ఎనభై ఏడేళ్ళకి మళ్ళీ ఓడెక్కించకు నన్ను."

యారా నది మీద పడమటి గాలి
కిటికీలని వేలి కణుపులతో కొడుతోంది.
ఆవిడకేం చెప్పను?
ఊగాలనే కట్టామని చెప్పనా?
గాలికి రొమ్ము విరిచే పొగరు
మా లెక్కల్లో ఎక్కడా లేదని?

అటు వెళ్ళి ఇటు రావడానికి
ఆరు సెకన్ల చిల్లర పడుతుంది మేడకి.
అందుకే నడినెత్తిన ఒక తొట్టి పెట్టాం,
పన్నెండు మీటర్ల పొడవు, నా ఛాతీ లోతు.
మేడ ఇటు ఒరిగితే నీళ్ళు అటు,
ఒక అడుగు వెనగ్గా,
కాడి లాగనని మొండికేసిన ఎద్దులా.
ఆ పెనుగులాటలో ఊపు అరిగిపోతుంది.
మోటారు లేదు. మీట లేదు.

తొట్టి మధ్యలో నిలువుగా ఇనప జల్లెడలు.
మొదటిసారి ఆ డ్రాయింగు చూసి నవ్వాను.
బోరింగు దగ్గర మా మేనత్త పైడితల్లి
నిండు బిందెలో ఓ వేపరెమ్మ పడేసి
చుక్క తొణక్కుండా ఇల్లు చేరేది.
ఎందుకే అంటే,
"నీళ్ళు కుదురుగా కూచుంటాయి."
నా రిపోర్టులో ఈ మాటే
నలభై పేజీలుంది.

అర్ధరాత్రి పైకెక్కాం.
టార్చి పట్టుకున్నాడు ప్లంబరు ట్రుంగ్.
గోడ మీద పాత తడిగీత.
నీళ్ళు దానికి జానెడు కింద.
పోయిన వారం తొట్టి కడిగిన కుర్రాడెవరో
ఈ మాత్రం చాల్లే అనుకున్నాడు.

జానెడే!
లోతు తగ్గితే అల బద్ధకిస్తుంది.
ఆరుకి తిరిగి రావాల్సింది
ఏడు దగ్గర్లో తచ్చాడుతుంది.
తాళం తప్పిన చెక్కభజన:
మేడ ఒక చరణంలో, నీళ్ళు ఇంకో చరణంలో.

ట్రుంగ్ వాల్వు తిప్పాడు.
బోర్లించిన రెండు బకెట్ల మీద కూచున్నాం.
అతను మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.
చేతి గడియారం చూస్తూ అలలు లెక్కపెట్టాను,
పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడ్డట్టు.
ఏడుకి కాస్త తక్కువ.
ఆరున్నర.
గీత తడిసింది.
ఆరూ, ఇంకో రవ్వ.
జల్లెడల మీద చప్పుడు మారింది,
ఎవరో గొంతు సవరించుకున్నట్టు.

మూడుంబావుకి ఫోను.
"ఆగిందా?"
"ఆగలేదు. గిన్నె దాటట్లేదు, అంతే."
"తాగెయ్యండి మరి, చల్లారిపోతుంది."
"ఎప్పుడో చల్లారింది. మళ్ళీ వెచ్చబెట్టాను,
నీకూ, నీతో ఎవరున్నారో వాళ్ళకీ. దిగి రండి."

గాలికి లిఫ్టులు ఆపేశారు.
మెట్లు దిగుతున్నాం.
ట్రుంగ్ ముందు.
నేను వెనక, అరచెయ్యి గోడకానించి,
లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ:
నాలుగు, అయిదు,
ఆరు.