మంచి పేరు

ల్యుబ్ల్యానాలో జనవరి. కిటికీ అవతల నది
పొగమంచులో ఎటు పోతోందో వంతెనలకే తెలియాలి.
నా బల్ల మీద నాలుగు కిలోల దరఖాస్తు.
నిజంగానే తూచాను, టపా గదిలో త్రాసు మీద.
పనిలేక కాదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచక.

మొండి బాకీలు వసూలు చేసే కంపెనీ.
బ్యాంకులు విసిగిపోయి, యూరోకి పదకొండు సెంట్ల లెక్కన
వదిలించుకున్న అప్పుల్ని
ఇకమీదట లైసెన్సు లేకుండా ముట్టుకోకూడదు.
ఆ నియమాలు రాసిన గదిలో నేనూ ఉన్నాను,
ఒక కామా కోసం రెండు గంటలు పోట్లాడాను.
బాకీలు మొండివని రాశాం.
మొండితనం ఎవరిదో ఏ ఫారంలోనూ అడగలేదు.

మూలధనం: ఉంది.
వసూలైన సొమ్ముకి విడి ఖాతా: ఉంది.
ఫిర్యాదులు వినడానికి ఒక మనిషి:
పేరు రాశారు, కూర్చునే గది రాయలేదు.
డైరెక్టర్లకు మంచి పేరు ఉండాలి, ఏడో నిబంధన.
మంచి పేరంటే మా దగ్గర మూడు కాగితాలు.
పోలీసులిచ్చేది ఒకటి, కోర్టు ఇచ్చేది ఒకటి,
దివాలా తీయలేదని ఇంకొకటి.
మా అమ్మమ్మ దగ్గర ఈ మూడూ లేవు.
వీధిలో వాళ్లంతా ఊరెళ్తూ
ఇంటి తాళాలు ఆవిడకే ఇచ్చిపోయేవాళ్లు.

బుధవారం తనిఖీకి వెళ్లాను.
కాఫీ ఇచ్చారు, తాగలేదు. అదీ నియమమే.
చెవులకి తగిలించుకుని ముప్పై ఫోన్లు వినాలి,
వాళ్లు ఏరి ఇచ్చినవి కాదు, నేను ఏరుకున్నవి.

పదిహేడోది రిబ్నిత్సా నుంచి.
సిరిల్ ఓరాజెమ్, అరవై ఎనిమిదేళ్లు,
జల్లెడలు అల్లేవాడు, చెక్క గరిటెలు చెక్కేవాడు.
లేతు మిషను కోసం చేసిన అప్పు
మిషను తుక్కులోకి పోయాక కూడా
బతికే ఉంది, రెండుసార్లు అమ్ముడుపోయింది.

ఇటువైపు కుర్రాడు. ఇస్త్రీ చేసిన గొంతు.
పేరు చెప్పాడు, రికార్డు అవుతోందని చెప్పాడు,
వేళ కాని వేళ చెయ్యలేదు, బెదిరించలేదు.
తప్పు కోసం వెతికాను, దొరకలేదు.

"ముందు ఒక్కటి చెప్పు బాబూ,
నేనిప్పుడు ఎవరికి బాకీ?"
"మాకు కట్టేయండి, చాలు."
"కట్టేది ఎవరికని కాదు, బాకీ ఎవరికని.
ఆ బ్యాంకు మేనేజరు మా ఇంట్లో జల్లెడ కొనుక్కున్నాడు,
ఆయన మొహం చూసి సంతకం పెట్టాను.
ఇప్పుడు నిద్ర పట్టని రాత్రి
ఎవరి మొహం తలుచుకుని సిగ్గుపడను?"

నలభై ఒక్క సెకన్లు.
తెర మీద గీత చదునుగా సాగిపోయింది.
ఇటు ఎవరో జెరాక్సు తీస్తున్నారు,
అటు ఒక కోడి.
తర్వాత కుర్రాడు, చాలా చిన్నగా:
"నాకూ తెలీదండీ."

ఆ మాట కాగితంలో లేదు.
వాళ్ల సూపర్‌వైజరు ఎర్రసిరాతో రాశాడు:
రాసిచ్చింది దాటాడు, మూడు మార్కులు కోత.

డైరెక్టర్ని అడిగాను, అప్పు ఎవరిదని.
మర్యాదగా చెప్పాడు: లక్సెంబర్గులో ఒక నిధి,
దాని వెనక డబ్లిన్‌లో మరొకటి,
ఆ వెనక ఒక పోస్టు పెట్టె, దాని నంబరు.
సిరిల్‌కి ఉత్తరం కూడా పంపారట. చూశాను.
పద్నాలుగు అంకెలున్నాయి, మొహం లేదు.
నియమానికి అది చాలు. రాసింది మేమే కదా.

లైసెన్సు ఆపడానికి నాకు కారణం లేదు.
ఇవ్వొచ్చని రాశాను.
ఏడో నిబంధన ఎదురుగా,
మంచి పేరుకి సాక్ష్యం అన్నచోట
మూడు కాగితాల కింద నాలుగోది చేర్చాను:
పదిహేడో ఫోను, నలభై ఒక్క సెకన్లు.
కోసిన మార్కులు ఆ కుర్రాడికి తిరిగివ్వాలి.

మా పైఅధికారి ఆ రెండు వాక్యాలూ కొట్టేసి
పక్కన రాశాడు: వ్లాస్తా, ఇది మన పరిధి కాదు.

కొట్టేసింది పెన్సిలుతో.
సొరుగులో రబ్బరుంది.