ఊపిరి బిగపట్టండి

పగలంతా పాలకొల్లు ఆస్పత్రిలో
ఎముకల ఫొటోలు తీస్తాను.
"గాలి పీల్చండి. బిగపట్టండి. కదలొద్దు."
రోజుకి అరవైసార్లు ఇదే మాట.
రాత్రి ఇదే మాట నాకు నేను చెప్పుకుంటాను
పెరట్లో, అరటి పిలకల పక్కన,
చెరువు పైపులో సిమెంటు పోసి నిలబెట్టిన దిమ్మ మీద
ఆరంగుళాల అద్దమున్న గొట్టం బిగించి.

ఆకాశం నాకు రెండు కొబ్బరిచెట్ల మధ్య దొరుకుతుంది,
అదీ గంటంబావు.
ఒక్కో ఫొటోకి ముప్పై సెకన్లు.
కాలవగట్టు మీద ధాన్యం లారీ వెళ్తే
చుక్కలన్నీ వణుకుతాయి.
నీళ్ళ మీద పరిచిన నేల మాది,
ఏదీ గట్టిగా నిలబడదు.
పదింటికే అద్దానికి చెమట పడుతుంది.
మా చెల్లెలి పార్లరు నించి తెచ్చిన హెయిర్ డ్రయ్యరుతో
పెళ్ళికూతురి జుట్టులా ఆరబెడతాను.

తీసినవాటిలో సగం పారేయాలి.
మిగిలినవి ఒకదాని మీదొకటి
మడతకాజా పొరల్లా పేర్చుకోవాలి.
అప్పుడు గానీ ఆ మసక విప్పుకోదు.

వెనక చెరువు కాపలా ఏసురత్నానికి
అది మసక కాదు,
గొల్లకావడి నించి ఒలికిన మీగడ.
కావడి తాటిచెట్టు దాటితే
మేత పళ్ళేలు ఎత్తి చూసే వేళ.
"ఇంత దానికి ఇన్ని ఫొటోలాండీ?
పాస్‌పోర్టుకైనా మూడే తీస్తారు, ఆయ్."
అతని గట్టు లైట్ల మీద నాకెంత కోపమో
అతనికి చెప్పలేదు.

పుష్య బహుళం. దాళ్వా నాట్లయిన వారం.
పదకొండూ ఇరవైకి కరెంటు పోయింది.
భీమవరం వైపు ఎప్పుడూ ఉండే తెల్లటి వెలుగుని
ఎవరో చేత్తో తుడిచేశారు.
ఏరేటర్లు ఆగాయి.
ఈ ఊళ్ళో అంత నిశ్శబ్దం నేనెరగను.
నాటిన మళ్ళల్లో, మొలకల సందున కూడా చుక్కలు.

నా మోటారు లారీ బ్యాటరీ మీద నడుస్తుంది,
ఆగలేదు.
మొదటి ఫొటో తెర మీదికొచ్చింది.
గులాబీ అంచులు, విప్పిన రెక్క,
నడుమ నల్లటి చీలిక,
ఇన్నాళ్ళూ నూరు పేర్చినా రానిది
ఒక్కదానిలో.
పదమూడు వందల ఏళ్ళు నడిచిన వెలుగు
మా అరటి పిలకల దగ్గర దిగింది.
కరెంటు రాకూడదని మొక్కుకున్నాను.
అవును, మొక్కుకున్నాను.

తొమ్మిదో ఫొటో సగంలో కేక.
"బాబుగారండీ! జనరేటరు అందుకోడం లేదండీ!"

టార్చికి కట్టిన ఎర్రకాగితం పీకి పరిగెత్తాను.
కాలు దేనికో తగిలింది.

గట్టు మీంచి వెలుగు వేస్తే
రొయ్యలన్నీ పైకి తేలి ఉన్నాయి, గాలి కోసం.
వాటి కళ్ళు,
నిప్పురవ్వల్లా ఎర్రగా,
ఈ గట్టు నించి ఆ గట్టు దాకా.
నేను లెక్కపెట్టబోయాను, నా అలవాటు పాడుగాను.
"పట్టండి బాబూ!" అన్నాడు ఏసురత్నం.
హ్యాండిలు ఇద్దరం పట్టాం.
నాలుగో తిప్పుకి ఇంజను దగ్గింది,
ఆరోదానికి అందుకుంది.
రెక్కలు నీళ్ళని బాదుతుంటే
కళ్ళు ఒక్కొక్కటే కిందికి దిగాయి.
అప్పుడు వదిలాను, ఎప్పట్నించి బిగపట్టానో, ఊపిరి.
లైట్లు వెలిగాయి. ఆకాశం వెళ్ళిపోయింది.

తెల్లారగట్ట చూసుకుంటే
పనికొచ్చేవి ఎనిమిది.
పదో దాన్నించి అంతా ఎటో చూస్తున్న గొట్టం,
కొబ్బరి మట్ట, చీకటి.
తొమ్మిదోదానిలో ప్రతి చుక్కా
ఒక మెలిక గీసింది,
పెద్దదీ చిన్నదీ అన్నిటిదీ ఒకే చేతిరాత.
తీసేయబోతుంటే
ఏసురత్నం టీ గ్లాసుతో వచ్చి వంగి చూశాడు.

"హ్యాండిలు తిప్పినట్టుందండి," అన్నాడు.

రెక్కలున్న ఫొటో చూపించాను.
బావుందన్నాడు, మర్యాదకి.
మళ్ళీ తొమ్మిదోదాని దగ్గరికొచ్చి
"ఇదొకటి కాగితం మీద వేసివ్వండి,
జనరేటరు షెడ్డులో అంటిస్తాను."