వేషం

మా రాయచోటి పక్క మామ అంటే మగమనిషి.
ఇక్కడ, కువైట్‌లో, ఈ షామియా వీధిలో
మామా అంటే ఇంటి యజమానురాలు.
వచ్చిన కొత్తల్లో నాలిక తడబడేది,
ఆడమనిషిని పట్టుకుని మామా మామా అనాలంటే.
పదకొండేండ్లయింది. అలవాటైపోయింది.

మూదీ మామాకు మోకాళ్లు పట్టేసినాయి.
రాత్రిపూట నువ్వులనూనె రాస్తుంటే మాట్లాడుతుంది,
సగం అరబ్బీలో, సగం చేతులతో.

"మా అన్న జాసిం బడి నాటకంలో తల్లి వేషం కట్టినాడు.
నా జరీ గౌను వేసుకున్నాడు.
నడక రాలేదు వానికి.
వారం దినాలు మిద్దెమీద నేనే నడిపించినా:
నెత్తిన బిందె ఉన్నట్టు నడువు,
ఏడ్చేటప్పుడు ముక్కు ముందు తుడువు, కండ్లు తర్వాత.
నాటకం నాడు మగవాళ్లంతా చప్పట్లు కొట్టినారంట.
నా నడకకు. నా గౌనుకు.
నేను ఇంట్లోనే ఉన్నా.
చప్పట్లు మాత్రం గాలికి మా గోడదాకా వచ్చినాయి."

నేను నవ్వినా.
మా పెదనాయనా రాణి వేషం కట్టేవాడు,
పెద్దమ్మ పూసలదండ అడుక్కుని.
తెల్లారితే దండలో రెండు పూసలు తక్కువ.
ఇప్పటికీ ఆ పూసల లెక్కే చెబుతుంది పెద్దమ్మ,
నాటకం సంగతి ఎత్తదు.

తర్వాత ఆడపిల్లల బడి వచ్చిందంట.
అక్కడ మగవేషాలూ వీళ్లవే,
కాటుకతో మీసం దిద్దుకుని.
ఒకసారి ఎన్నికల ఆట ఆడినారు.
ఖర్జూరాల డబ్బా పెట్టె. గింజ ఒక ఓటు.
మీసాలున్న పిల్లలు ముందు వేసినారు.
మూదీ వంతు వచ్చేసరికి
మీసం చెమటకు కారిపోయింది.
"ఆడదానివి, నీకు లేదు, పో"
అన్నాడు పెట్టెకాడ కూర్చున్న పిల్ల.
అది రాసుకున్న మాట కాదు.
మూదీ కదల్లేదు. గింజ గుప్పిట్లోనే ఉంది.
అందరూ నవ్వినారు.
ఉండుండి, ఒక్కరూ నవ్వలేదు.
పెద్ద టీచరమ్మ లేచి తెర లాగేసింది.

ఆ తెర మళ్లీ జరగడానికి దగ్గర దగ్గర యాభై ఏండ్లు.
పోయినేడు కూతురితో కలిసి
నీలం గుడ్డ కట్టుకుని వీధిలో నిలబడొచ్చింది.
ఆ గుడ్డ ఇస్త్రీ చేసింది నేనే,
ఎందుకో తెలియకుండానే.

ఓటు రోజు జూన్ నెల.
కారు తలుపు పట్టుకుంటే చేయి కాలింది.
అంతకుముందు, అద్దం ముందు కూర్చుని
కాటుకపుల్ల అడిగింది.
కంటికి పెట్టుకోలేదు.
పెదవి మీద సన్నగా మీసం గీసి
నావైపు తిరిగింది, ఎట్లుంది అన్నట్టు.
బొటనవేలితో తుడిచేసింది.
ఒక మూల మరక మిగిలింది. నేను చెప్పలేదు.

బడి గేటు దాటి నేను పోకూడదు.
నీళ్ల సీసా, మాత్రల డబ్బా పట్టుకుని నీడలో నిలబడినా.
కుంటుకుంటూ లోపలికి పోయింది.
ఎవరికీ అరువివ్వలేని నడక.

వచ్చినాక కారులో నోరు విప్పలేదు.
వేలు చూసినా. సిరా లేదు. ఇక్కడ వేయరంట.
ఇంటికాడ దిగబోతూ అడిగింది:
"ఓబుళమ్మా, మీ దేశంలో మీకు ఎప్పుడో వచ్చింది కదా,
ఎట్లుంటుంది, వేసేటప్పుడు నీకు?"

పోయిన ఎన్నికలప్పుడు
ఫోన్లో తమ్ముడు నవ్వుతా చెప్పినాడు:
"అక్కా, నీ ఓటూ పడింది లే.
పై వీధి నుంచి ఎవరో వచ్చి, నీ పేరు చెప్పి,
కొంగు కప్పుకుని వేసిపోయినారు."

దానికి అరబ్బీలో ఏమంటారో తెలియలా.
తెలిసిన మాటల్లో చెప్పినా:
"మామా, నా వేషం ఇంకొకరు కట్టినారు."

చాలాసేపు నా ముఖం చూసింది.
"నడక సరిగ్గా వచ్చిందా వాళ్లకు?" అంది.