తాళంచెవి ఎవరి దగ్గర

పెరంబూరు ఫ్యాక్టరీలో
ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెలు కట్టిన మనిషి,
రైల్లో పడుకుని వెళ్లింది రెండేసార్లట.
మా పెళ్లికి ఒకసారి,
మామగారి అస్థికలతో ఒకసారి.
పాసులు ఏటా వచ్చేవి. ఏటా మురిగిపోయేవి.

నేనేమో టెలిఫోను ఎక్స్ఛేంజిలో
చెవులతో దేశమంతా తిరిగినదాన్ని.
ఝాన్సీ అంటే నాకు లైన్లో గరగర.
కటక్ అంటే "ఉండండి" అని వెళ్లి
తిరిగిరాని మనిషి.
నాగపూర్ అంటే సులభ గొంతు.

జనవరిలో మూర్ మార్కెట్ నుంచి
ముప్పై రూపాయలకి పాత అట్లాసు తెచ్చారు.
అందులో కొన్ని రాష్ట్రాలు ఇంకా పుట్టనే లేదు.
"ఊళ్లెక్కడికీ పోవుగా" అన్నారు.

రైలెక్కగానే ఈయన చేసే మొదటి పని
పెట్టె గోడ తట్టి చూడటం,
పుచ్చకాయ కొనేవాడిలా.
"ఇది మాదే" అంటారు.
ఎదుటి బెర్తువాళ్లు
సూట్‌కేసు కాస్త దగ్గరికి లాక్కుంటారు.

నాగపూర్ ప్లాట్‌ఫారం మీద
నేనూ సులభా ఒకరినొకరం దాటుకుంటూ
రెండుసార్లు నడిచాం.
ఇరవై రెండేళ్ల స్నేహం, ముఖం లేనిది.
చివరికి కళ్లు మూసుకుని
"హలో నాగపూర్, మద్రాస్ స్పీకింగ్" అన్నాను.
"బోల్, మద్రాస్" అంది
నా వెనకే అరటిపళ్లు బేరమాడుతున్న పొట్టావిడ.
ఆ రాత్రి ఎంత మాట్లాడినా
మూడు నిమిషాలకోసారి ఇద్దరం ఆగిపోయేవాళ్లం,
పొడిగించమంటారా అని
ఎవరో అడుగుతారేమోనని.

ఎండల్లో ఖరగ్‌పూర్.
త్రిపురమ్మ వదినకీ ఈయనకీ
పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు,
అత్తగారి ఇత్తడి గంగాళం దగ్గర వచ్చింది పేచీ.
వెళ్లేసరికి అది పెరట్లో ఉంది,
ముని మనవరాలు అందులో కూర్చుని
నీళ్లు తపతపలాడిస్తోంది.
ఈయన నవ్వారు. వదిన నవ్వలేదు.
చేపల పులుసు మాత్రం మూడు పూటలా పెట్టింది.
బయల్దేరేటప్పుడు
"ఒరే పురుషోత్తం, ఇది పట్టుకుపో" అని
గంగాళం కాదు,
దాని మూత ఇచ్చింది.
నాలుగు కిలోల మూత.
రాత్రంతా నా తలకింద ఆ మూతే.

మా హిమజ ఉండేది పల్లావరంలో, గంటన్నర దూరం.
"మా ఊరికీ ఒక టికెట్టు కొనుక్కోండమ్మా" అంది,
నవ్వుతూనే అంది.
నవ్వు అయిపోయాక కూడా ఫోను పెట్టలేదు.
మర్నాడే హోల్డాలు కట్టి,
పులిహోర పొట్లాలతో లోకల్ ఎక్కాం.
సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి, పార్కులో మళ్లీ ఎక్కి,
తొమ్మిది రోజులు ఉన్నాం.
ఆ ఏడు మేం చేసిన దూరప్రయాణం అదేనేమో.

నవంబరు వానకి జబల్పూర్‌లో ఉన్నాం,
ఈయన పాత ఫోర్‌మన్ ఇంట్లో పెళ్లి.
అర్ధరాత్రి డెస్మండ్ గారి ఫోను.
గార్డుగా చేసి రిటైరైన మనిషి, మా పక్కింటాయన.
తెలుగు బిట్రగుంట షెడ్డులో నేర్చుకున్నది:
"నీళ్లు మీ మెట్టు మీద ఉండాది తల్లీ,
నేను మీ మంచం మీద ఉండాను."

వచ్చి చూస్తే బియ్యం డబ్బా అటక మీద,
పెళ్లి ఫొటో ఫ్యాను రెక్కకి వేలాడుతూ.
గోడ మీద పెన్సిలు గీత, పక్కన గార్డు చేతిరాత:
రెండు గంటల పది నిమిషాలు. ఇక్కడిదాకా.
ఫ్రిజ్ పోయింది. కరివేపాకు మొక్క బతికింది.
గోడకి సున్నం వేయించాం గానీ
ఆ గీత దగ్గర పనివాణ్ణి ఆపేశారు ఈయన.

మళ్లీ జనవరి. మళ్లీ అట్లాసు.
"ఈసారి ఎక్కడికి?" అంటే
టీ ఊదుకుంటూ డెస్మండ్ గారు
ఎవరూ అడగకుండానే
"బిట్రగుంటలో మా క్వార్టర్ ఉండాదో లేదో" అన్నారు.

మూడు టికెట్లు తీశాం.
బయల్దేరే పొద్దున గుమ్మంలో
ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
మరి తాళంచెవి?

పూలకుండీ పక్కన పెట్టి వచ్చాం,
ఖరగ్‌పూర్ మూత కింద.