నూటికి రెండు పైసలు

సిడ్నీలో రెండున్నరకు చెబుతారు.
మా రెన్‌మార్క్‌లో అప్పటికి రెండే.
ఈ రాష్ట్రం గడియారం అరగంట వెనక నడుస్తుంది,
కబురు మాత్రం ఎవరికోసమూ ఆగదు.

మంగళవారం. ఫిబ్రవరి ఎండకు
ఆఫీసు రేకులు చిటపటమంటున్నాయి.
నా ముందు థనాసిస్ లెక్కలు,
అట్టపెట్టె నిండా రసీదులు,
ఒకదాని మీద ఎండిపోయిన ద్రాక్షరసం మరక.
ముప్పై ఎకరాల షిరాజ్.
కోతకొచ్చింది, కొనేవాడు రాలేదు.
సముద్రం అవతల సుంకం వేశారు, ఏళ్లు గడిచాయి.
ఎత్తేశారు.
ఎత్తేసేసరికి అక్కడి జనం
వైను తాగడమే తగ్గించుకున్నారు.
"గోడ పడగొట్టారమ్మా, వెనక వీధే లేదు"
అన్నాడు మొన్న.

నేను మాత్రం తక్కువ తిన్నానా?
అతని పద్దులు రాస్తూ రాస్తూ
అతని పళ్లు కొనే కంపెనీ షేర్లే కొన్నాను,
ఆరు డాలర్ల ఇరవై సెంట్లకు.
పొద్దున చూస్తే ఒకటీ డెబ్బై.
ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరుగుతాయంటారు.
నేను లేగను కాను,
గట్టు మీద నిలబడి
ఓ ఆబోతు మీద పందెం కాసినదాన్ని.
ఏడవడానికి నా వాటా ఎంతో
ఏ పట్టికలోనూ దొరకదు.

రెండయింది.
పావు శాతం తగ్గించారు.
ఏడాదికి నూటికి పావలా.
చీటీలు నడిపిన మా పిన్ని లెక్కలో అయితే
నెలకు నూటికి రెండు పైసలు.
ఆ రెండు పైసలకే
తెర మీద ఎర్రంకెలు పచ్చబడ్డాయి,
నా షేరు పదకొండు సెంట్లు లేచి కూర్చుంది.

కాలిక్యులేటర్ తీశాను.
థనాసిస్ అప్పు మీద నెలకు ఎనభై మూడు డాలర్ల ఊరట.
అతని అత్తగారు కిరియాకీ
డిపాజిట్ వడ్డీతో మందులు కొనుక్కునే మనిషి,
ఆవిడకు నెలకు పాతిక కోత.
ఒకే వంటిల్లు, ఒకే బల్ల.
అల్లుడికి పండగ, అత్తకు పథ్యం.

మరక పడ్డ రసీదు విప్పి చూశాను.
షిరాజ్ అంట్లు, తొంభై ఎనిమిది, ఆగస్టు.
ఇన్నేళ్లూ ఆస్తుల పేజీలో ఉన్నాయవి.
పెన్సిల్ పట్టుకుని కాసేపు ఊరుకున్నాను.

ఫోన్ చేశాను. వెనక ట్రాక్టర్ మోత.
"ఎనభై మూడా?"
ఇంజన్ ఆపాడు.
"పొద్దుట్నుంచి గొలుసేసి లాగుతున్నాను.
నాలుగు వరసలు వేళ్లతో సహా వచ్చేశాయి.
ఐదోది మొండికేసింది."
ఎవరో పంజాబీలో ఏదో అరిచారు,
గొలుసు మట్టిలో ఈడ్చుకుపోయిన చప్పుడు.
"సరేలే, ఆ ఎనభై మూడూ డీజిల్‌కు సరిపోతుంది.
రసీదు రేపు తెస్తా,
పెట్టెలో వేసుకో."