ఖాళీ గోనె తూకం

పలాసలో, కాశీబుగ్గ వైపు,
జీడిపప్పు కార్ఖానా వెనక గదిలో
తూకాలూ హాజర్లూ దాచుకున్న నల్ల పెట్టె.
బియ్యం డబ్బా అంత ఉంటుంది,
రాత్రంతా సన్నగా ఊపిరి తీస్తుంటుంది.
తెర లేదు, మీటల్లేవు.
ఏం అడిగినా తీగ గుండా అడగాలి.

అడిగే పని నాది.
సి భాషలో నూట ఎనభై వరసలు,
మూడు రోజులుగా రాస్తున్నాను,
గింజ ఒలిచినట్టే,
చెయ్యి జారిందా, గుండు కాస్తా బద్ద.

నిన్నటి దాకా పలుకే లేదు.
ముప్ఫై సెకన్లు గుమ్మంలో నిలబడి
తాళం చూసి తిరిగొచ్చే అప్పులవాడిలా
తిరిగొచ్చేది నా ప్రశ్న.
ఇవాళ "పో" అంది.
కనెక్షన్ ఇవ్వనంది.
ఎంత సంతోషమో!
పొమ్మన్నదంటే ఇంట్లో ఉన్నట్టే కదా.
పోర్టు నంబరు మార్చి మళ్ళీ తట్టాను.
తీసింది.

మడ్డు గవరమ్మ, టోకెను నాలుగు వందల పన్నెండు,
బయట మెట్టు మీద కూర్చుంది,
అడ్డపొగ పీలుస్తూ.
శ్రావణంలో తొమ్మిది రోజుల కూలి కోసేశారు.
నువ్వు రాలేదని మిషనే చెప్పింది, అన్నారట
మేనేజరు పట్నాయక్ గారు.

ఆమె వేళ్ళు చూశాను.
పదిహేనేళ్ళ జీడితొక్కు నూనె
గీతలన్నీ తినేసింది.
గాజు పలక మీద పెడితే
ఆ వేలు ఎవరిదీ కాదు.

మొదటి రోజుకి ఈమె పేర ఎన్ని ఫైళ్ళని అడిగాను.
నాలుగు బైట్ల జవాబు:
ఒక కోటి అరవై ఏడు లక్షల
డెబ్బై ఏడు వేల రెండు వందల పదహారు.
చదివింపుల్లో లాగా చివర పదహారు.
"నా కూలేటి?" అంది గవరమ్మ.

కాదు. పెట్టె పెద్ద కొస ముందు పలుకుతుంది,
నా మిషను చిన్న కొస ముందు వింటుంది.
నిప్పున్న కొస నోట్లో పెట్టుకున్న మనిషికి
ఏ కొస ముందన్నది నేను చెప్పాలా?
బైట్లు తిరగేశాను.
ఒకటి.
ఒక ఫైలుంది!

ఎంతుందని అడిగాను.
సున్నా.
రెండో రోజు, మూడో రోజు,
తొమ్మిది రోజులూ
సున్నా.

"ఏటంతంది బాబూ నీ పెట్టి?"
"ఫైళ్ళున్నాయంటోంది. ఖాళీవంటోంది."
చుట్ట తీసి, నుసి రాల్చి,
కాసేపు ఆలోచించింది.
"కాళీ గోనికీ తూకవుంటాది బాబూ.
ఆరొందల గ్రావులని
రోజూ మా లెక్కలోంచి తీసేత్తారు గదా.
కాళీదని అది నేదా ఏటి?"

చేతులు మీటల మీదే ఆగిపోయాయి.
మూడు రోజులుగా నేనడుగుతున్నది
తప్పు ప్రశ్న.

టోకెను నొక్కగానే మిషను ఫైలు తెరుస్తుంది.
వేలు పోలితేనే అందులో రాస్తుంది.
పోలలేదు, రాయలేదు,
కానీ తెరిచింది.
ఎవరో వచ్చి నొక్కితేనే తెరిచింది.
ఎంతుందని కాదు,
ఎప్పుడు పుట్టావని అడిగాను.

ఆరు గంటల రెండు నిమిషాలు.
ఆరూ మూడు.
ఐదూ యాభై ఎనిమిది.
"ఆ దినం మందస ఆటో బేగి దొరికినాది."
ఆరూ ఒకటి.
ఆరూ పంతొమ్మిది.
దీనికి ఏమీ చెప్పలేదు.
చుట్ట వంక చూసుకుంది.

తొమ్మిది వేళలూ కాగితం మీదకి తీసిచ్చాను.
చదవలేదు, మడిచి కొంగున ముడేసుకుంది.
పట్నాయక్ గారు వచ్చేది పదింటికి.
"పదింటికేనేటి?" అని
మళ్ళీ మెట్టు మీదే కూర్చుంది.

తెచ్చుకున్న టీ చల్లారి పైన మీగడ కట్టింది.
ప్రోగ్రాంలో నాలుగు వందల పన్నెండు చెరిపేసి
ఒకటి నుంచి ఆరు వందల నలభై దాకా అని రాశాను.
నన్నెవరూ అడగమనలేదు.
పెట్టె లోపల పంకా జోరందుకుంది.