ఎర్ర గీత

ఎస్.ఆర్. షీటు వెనక రాసుకున్నా
పద్నాలుగు పేర్లు.
అక్టోబరులో రాసినప్పుడు
అవి చుట్టాల పేర్లు.
డిసెంబరు పదికంతా
అప్పులోళ్ల పేర్లయినాయి.

ఎస్తేరు పిన్నికి శాలువా,
పాస్టరమ్మకు చేతిసంచి,
మా ఆడబిడ్డ కొడుక్కి మఫ్లరు.
కడపలో మఫ్లరెందుకే అని
మా ఆయన ఒక్కసారే అడిగినాడు,
మళ్లీ అడగలే.

కొనిస్తే ఏం పోయింది,
ప్రొద్దుటూరు బజారులో దొరకనిదేముంది?
చేత్తో అల్లి ఇస్తానని
నోరు జారింది నేనే,
చర్చి మెట్ల మీద, అందరూ వింటాండగా.
నోటికేసే ముడి
ఏ క్రోషా పుస్తకంలోనూ లేదు.

కడప నుంచి జమ్మలమడుగు,
జమ్మలమడుగు నుంచి కడప.
ఎర్రగుంట్ల గేటు పడితే
పది నిమిషాలు నావి.
కొక్కెం తీసి రెండు వరసలు వేసేలోగా
"మేడం, చిల్లర!"
ఎన్నో గొలుసులో ఉన్నానో పోయింది.
కిటికీలోంచి గూడ్సు పెట్టెలు ఎంచే పిల్లోడు
నాకంటే నయం,
వాడి లెక్క తప్పలే.
తెల్ల ఊలుండ వారానికే
సిమెంటు రంగుకొచ్చింది.

శాలువా మూడుసార్లు విప్పినా.
విప్పిన ఊలు తిన్నగా ఉండదు,
కసురుకున్న పిల్ల మాదిరి
ముడుచుకొని ముడుచుకొని పడుంటాది.
కసురుకున్నా కూడా,
ఊలుండ కాలితో తన్నిందని, మా పాపను.
రాత్రి బొటనవేలు పట్టేసి
పొద్దున మిషను బటన్ నొక్కితే జివ్వుమంటాది.

డ్రైవర్ ఓబులేసన్న అద్దంలో చూసి అడిగినాడు:
"ఏమ్మా, ఎవురి మీద కోపంతో అల్లుతాండావు?"

నవ్వినా.
సగంలో ఆగిపోయింది నవ్వు.

టికెట్టు రోలు అయిపోవస్తే
కాగితం అంచున ఎర్ర గీత వస్తాది:
ఇంక కొన్నే, మార్చుకో అని.
ఊలుకు రాదు ఆ గీత.
మనిషికీ రాదు.
తెగినాకే తెలుస్తాది.

ఆ ఆదివారం సలోమి ఇంటికి పోతే
పోయిన పండక్కి నేనిచ్చిన టేబులు గుడ్డ
(నెల పట్టింది, అంచంతా గులాబీలు)
టేబులు మీద లేదు, షోకేసులో లేదు.
వంటింట్లో ఉంది.
నాలుగు మడతలేసి
సంగటి గిన్నె దించుతాంది దాంతో.
మసి పట్టి, ఒక మూల కాలి,
గులాబీలు రాగిముద్ద రంగుకు తిరిగి.
కడుపు మండింది, అబద్ధమెందుకు.
"ఇది లేకుంటే పొయ్యి కాడ
నాకు చెయ్యి ఆడదు మే" అనింది,
తప్పు చేసినట్టు కూడా కాదు,
ముద్ద మీద నెయ్యి గుంత చేస్తా.
దాని వేళ్లు చూసినా.
ఒక్క బొబ్బ లేదు.

ఇంటికొచ్చి షీటు తీసి
శాలువా కొట్టేసినా. సంచి కొట్టేసినా.
మఫ్లరు కూడా కొట్టేసినా,
మా ఆయన చూడకుండా.
అందరికీ ఒకటే రాసినా: మసిగుడ్డ.
జానెడు చదరం.
గేటు పడితే మొదలు, గేటు లేస్తే ఆపు.
వంకర పోతే పోనీ,
గిన్నె అడుగుతుందా?
విప్పేది మాత్రం లేదు.

ఇరవైనాలుగో తేదీ రాత్రి
వాకిట్లో స్టారు వెలిగించి ఎంచితే
పదకొండు.
మిగిలిన ముగ్గురికి నోటితోనే చెప్తా,
కాలేదు, జనవరిలో ఇస్తా అని.
అవే మెట్ల మీద.

పన్నెండోది సగంలో ఉండాది.
మా పాప దాన్ని బొమ్మకు కప్పి
పక్కలో పెట్టుకొని పడుకుంది, కొక్కెంతో సహా.
గుచ్చుకుంటాదని మెల్లగా తీస్తాంటే
కళ్లు తెరిచింది.
"అయిపోయిందా మా?"

అయిపోలే,
ఆపినా.